గరప నేల మీద పెరడు

అనగనగా ఒక ఊరుండేదమ్మా. ఇప్పుడు లేదు. దాని పేరు సీతాయిలంక. చుట్టూ గోదారి, మధ్యలో ఊరు. ఆ ఊరిని గోదారి కొంచెం కొంచెంగా కొరుక్కు తినేసింది. ఊఁ కొడుతున్నావా? కొట్టు. కాళ్ళిలా నా ఒళ్ళో పెట్టుకో.

ఆ ఊళ్ళో అచ్చాయమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ కోడలు వీరవేణి. వీరవేణి పరాయిది కాదు, అచ్చాయమ్మకి సొంత అన్న కూతురే. చిన్నప్పుడు ‘అత్తా, అత్తా’ అంటూ ఆవిడ కొంగు పట్టుకునే తిరిగేది. పెద్దయ్యాక ఆ ఇంటికే కోడలయింది. అచ్చాయమ్మ కొడుకు పేరు ఏడుకొండలు. మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పంటు ఉంటుంది చూడు, దాని మీద పని అతనికి. వారానికోసారి ఇంటికొచ్చేవాడు.

అచ్చాయమ్మకి ఇల్లంటే పెరడే. ముందు వాకిట్లోకి పెద్దగా వచ్చేది కాదు. ఎవరైనా వస్తే ‘అచ్చాయమ్మా’ అని వీధిలో పిలవరు, పక్క దారంట నేరుగా పెరట్లోకే పోతారు. అక్కడ ఆనపపాదు, పొట్లపాదు, గట్టు వెంట కంద, నూతి దగ్గర అరటి, మధ్యలో ఒక పనసచెట్టు. మధ్యాహ్నం ఆ పనసచెట్టు కిందే పీట వేసుకుని కూచుని అన్నం తినేది. అన్నంలోకి ఏదో ఒకటి అప్పటికప్పుడు కోసుకోవాలి. రెండు పచ్చిమిరపకాయలైనా సరే. కొయ్యకుండా తింటే తిన్నట్టు ఉండదనేది.

అప్పుడేమైందంటే, ఒక ఏడు వరదల్లో పెరటి కంచె, అరటిచెట్లూ ఏట్లోకి జారిపోయాయి. మరుసటి ఏడు నుయ్యి, పనసచెట్టు పోయాయి. మూడో ఏడు ఇల్లే పోయింది. పగటిపూటే పోయింది. అందరూ గట్టు మీద నిలబడి చూస్తుండగానే గోడ ఒకటి ఇటూ అటూ ఊగి, నీళ్ళలో కూచున్నట్టు కూచుంది.

ఆ రోజు నుంచి అచ్చాయమ్మ మాట్లాడటం మానేసింది.

ఆ తర్వాత ఊరి వాళ్ళందరికీ ఏటికి మూడు మైళ్ళ అవతల స్థలాలిచ్చి ఇళ్ళు కట్టించారు. అది పల్లపు చేను. దాని మీద ఎర్ర గరప తోలించి మెరక చేశారు. గరపంటే తెలుసుగా, రోడ్లెయ్యడానికి పోస్తారు చూడు, రాళ్ళూ ఎర్రమట్టీ కలిసిన గట్టి నేల. వాన పడితే జారుతుంది. ఎండ కాస్తే కాలుతుంది. పలుగేస్తే ఖంగుమంటుంది.

వీరవేణి వాళ్ళకి రెండు గదుల ఇల్లు, దాని వెనక పది మంచాలు పట్టేంత చోటు వచ్చాయి. ఆ చోట్లో గడ్డిపోచ కూడా లేదు. అచ్చాయమ్మ పొద్దున్నే లేచి వెనక మెట్టు మీద కూచునేది. ఆ ఎర్ర నేలని చూస్తూ సాయంత్రం దాకా అలాగే ఉండేది. అన్నం పెడితే రెండు ముద్దలు తిని కంచం పక్కకి జరిపేది. ‘ఇంకొంచెం తిను అత్తా’ అంటే తల అడ్డంగా ఊపేది. అంతే. నెల తిరిగేసరికి చేతి గాజులు మోచేతి దాకా జారసాగాయి.

వారానికోసారి వచ్చే ఏడుకొండలు తల్లిని చూసి భార్యని అడిగాడు.

“అమ్మ ఇలా అయిపోతోందేంటి వేణీ?”

“అన్నం సయించట్లేదు. డాక్టరు రోగమేమీ లేదన్నాడు.”

“పెరడుంటే తినేదే.” అతను అంతే అన్నాడు. ఊరికే అన్నాడు. మర్నాడు పంటెక్కి వెళ్ళిపోయాడు.

కానీ ఆ మాట వీరవేణి మనసులో ఉండిపోయింది.

ఇంతకీ వీరవేణి సంగతి చెప్పలేదు కదూ. ఆమె కొబ్బరిపీచు తీసే చోట పనికి వెళ్ళేది. పొద్దున్న ఏడింటికి వెళితే మూడింటికి వదిలేవారు. రోజంతా నానిన కొబ్బరి డొక్కల్ని, అదే, కాయ మీద వలిచిన తొక్కల్ని, మిషను దగ్గరికి మొయ్యాలి, పీచుని ఎండబెట్టాలి, తిరగెయ్యాలి, కట్టలు కట్టాలి. ఆ పొట్టు జుట్టులోకి పోయేది, గొంతులోకి పోయేది. ఇంటికొచ్చేసరికి నడుం రెండు ముక్కలయ్యేది. వచ్చాక నీళ్ళు మొయ్యాలి, వంట చెయ్యాలి, అత్తకి స్నానం చేయించాలి. ఎక్కడ కూచుంటే అక్కడే కళ్ళు మూతలు పడేవి. ఒకసారి కూరగాయలు తరుగుతూ కత్తిపీట మీదే తూగింది. ఒట్టమ్మా, వేలు తెగబోయి తప్పింది.

అలాంటి మనిషి పెరడు వెయ్యాలనుకుంది. ఏమనాలి దాన్ని?

మొదట ఏం చేసిందంటే, సంతలో విత్తనాలు కొంది. బెండ, గోరుచిక్కుడు, తోటకూర. ఆదివారం పూట పలుగు తీసుకుని నేలని గీకింది. తవ్వడం కాదు, గీకడమే. అంతకంటే లోతు దిగలేదు. ఆ గీతల్లో విత్తనాలు చల్లింది. పొద్దున్నా సాయంత్రం గంటసేపే వచ్చే కుళాయి దగ్గర నిలబడి, తాగే నీళ్ళు పట్టాక మరో రెండు బిందెలు పట్టి పోసేది.

మొలకలొచ్చాయి. వీరవేణికి ప్రాణం లేచొచ్చింది. “అత్తా, చూడు, మొలిచాయి” అంది. అచ్చాయమ్మ చూసింది, అంతే.

అప్పుడు ఎండలు ముదిరాయి. ఆ మొలకలకి వేరు దిగడానికి చోటెక్కడిది? నాలుగు రోజుల్లో ఒక్కొక్కటీ వడిలిపోయి, దారప్పోగుల్లా నేలకంటుకుపోయాయి. వీరవేణి వాటిని చీపురుతో ఊడ్చేసింది. ఊడుస్తుంటే చేతులు బరువెక్కాయి, అంతే. ఏడుపు రాలేదు. ఏడవడానికీ ఓపిక కావాలి కదా తల్లీ.

రెండోసారి ఇంకా గట్టి పని పెట్టుకుంది. పనికి వెళ్ళే దారిలో ఒక పంటకాలవ ఉంది. ఆ ఎండాకాలం దాంట్లో పూడిక తీసి గట్టున పోశారు. నల్లటి ఒండ్రుమట్టి, పిసికితే వెన్నలా ఉంది. లంకలో వాళ్ళ పెరటి మట్టి అలాగే ఉండేది. అడిగితే, ఎంత కావాలంటే అంత తీసుకుపొమ్మన్నారు.

అప్పటి నుంచి వీరవేణి రోజూ మూడింటికి పని దిగి, ఒక తట్టెడు మట్టి నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చేది. మర్నాడు ఇంకో తట్ట. ఆ మర్నాడు ఇంకోటి. నెల రోజులు మోసింది. మెడ పట్టేసి ఇటు తిరగాలంటే ఒళ్ళంతా తిరగాల్సొచ్చేది. అయినా పెరట్లో గరప మీద ఒక మూల మోకాలెత్తు నల్లమట్టి పోగయింది. దాన్ని పరిచి మడి చేసింది. మళ్ళీ విత్తనాలు చల్లింది.

ఆ తర్వాత తొలకరి వచ్చింది. మామూలుగా కాదు, ఒక మధ్యాహ్నం కుండపోతగా కురిసింది. వీరవేణి అప్పుడు పనిలో ఉంది. వచ్చి చూసేసరికి మడి లేదు. వాలు పక్క కంచె వైపు ఉంది. నీళ్ళన్నీ అటే పోయాయి. నీళ్ళతో పాటు మట్టీ పోయింది. గరప ఎర్రగా, శుభ్రంగా, కడిగిన గచ్చులా మెరుస్తోంది.

పోయిన మట్టి ఎక్కడికి పోయింది? పక్కింటి భూలక్ష్మి దొడ్లోకి పోయింది. ఈ భూలక్ష్మి కూడా లంక మనిషే, ఏట్లో పోయిన ఇంకో లంక. మాట కొంచెం పెడసరం. ఆవిడ వంటపాకలోకి చీలమండ లోతున బురదొచ్చి చేరింది.

“ఏవమ్మా వేణీ! మీ పొలం మా పొయ్యిలోకి వచ్చింది. ఎత్తుకుపో!” అని కంచె అవతల నుంచి అరిచింది.

వీరవేణి తట్ట తీసుకుని వెళ్ళింది. పొయ్యి చుట్టూ బురదంతా ఎత్తి, ఆ దొడ్డి మూలనే కుప్పగా పోసింది. మళ్ళీ కంచె దాటించి తెచ్చుకునే ఓపిక లేదు. “ఇక్కడే ఉండనీ వదినా. ఎండాక తీస్తాను” అంది. భూలక్ష్మి ఆమె మొహం చూసి, కాళ్ళు కడుక్కోమని చెంబుడు నీళ్ళు తెచ్చిచ్చింది.

ఆ రాత్రి వీరవేణి అన్నం వండింది గానీ తినలేదు. అత్తకి పెట్టి, పక్కనే ఒరిగిపోయింది. ఇక పెరడూ వద్దు, ఏమీ వద్దనుకుంది. వద్దనుకున్నాక కొంచెం హాయిగా కూడా ఉంది. నిజం చెప్పాలిగా మరి.

ఆ తర్వాత శ్రావణం వచ్చింది. ఏట్లో ఎర్రనీళ్ళు దిగాయి.

ఒకరోజు వీరవేణి పని నుంచి వచ్చేసరికి వెనక మెట్టు మీద అచ్చాయమ్మ లేదు. గదుల్లో చూసింది. లేదు. భూలక్ష్మిని అడిగింది. “మధ్యాహ్నం రోడ్డు వైపు పోతుంటే చూశాను, గుడికేమో అనుకున్నాను” అందావిడ. ఎక్కడికి పోతుంది? ఆవిడకి తెలిసింది ఒక్కటే దారి.

అప్పుడు వీరవేణి ఆ మూడు మైళ్ళూ నడిచింది. పరిగెత్తాలనుకుంది గానీ కాళ్ళు రాలేదు. ఎదురొచ్చిన వాళ్ళనల్లా అడిగింది. మేకలు తోలుకొచ్చే ముసలాయన చూశానన్నాడు. సోడాబండి అతను చూశానన్నాడు. ఏటిగట్టు ఎక్కుతుంటే వల భుజాన వేసుకుని వస్తున్న ఒకాయన, “మీ అత్తేగా? గట్టు మీద కూచుంది” అన్నాడు. ఆ మాట విన్నాక వీరవేణికి ఊపిరాడింది.

అచ్చాయమ్మ గట్టు మీద రావిమొక్క దగ్గర కూచుని ఉంది. ఎదురుగా ఎర్రటి నీళ్ళు. సీతాయిలంక ఉండే చోట సుడులు తిరుగుతున్నాయి. ఆవిడ అటే చూస్తోంది.

“ఇంటికి పోదాం రా అత్తా.”

అచ్చాయమ్మ కదల్లేదు.

“చీకటి పడుతుంది. రా.”

కదల్లేదు. వీరవేణి చెయ్యి పట్టుకుని లాగబోయింది. లాగడానికి చేతుల్లో ఏమీ లేదు. అప్పుడు తనూ పక్కన కూలబడింది. ఇద్దరూ నీళ్ళని చూస్తూ కూచున్నారు. ఎవరిదో అరటిగెల ఒకటి కొట్టుకుపోతూ కనబడింది. అది కనుమరుగయ్యేదాకా చూశారు.

ఆ తర్వాత వీరవేణి అంది: “అత్తా, నేను అలిసిపోయాను. నిన్ను మోసుకెళ్ళలేను. కోప్పడనూ లేను. నువ్వు లేస్తే లేస్తాను. నువ్వు కూచుంటే ఇక్కడే కూచుంటాను.”

అలా అని మోకాళ్ళ మీద తల పెట్టేసుకుంది.

చాలాసేపటికి ఒక చెయ్యి వచ్చి ఆమె జుట్టు తడిమింది. జుట్టులో చిక్కుకున్న కొబ్బరిపీచుని ఒక్కో పోగే తీసింది. తీసి, గాల్లో వదిలింది. ఆ తర్వాత అచ్చాయమ్మ గట్టు మీద చెయ్యి ఆన్చి తనే లేచింది. కోడలికి చెయ్యందించింది. మాట మాత్రం లేదు. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఇంటికి నడిచారు. ఎవరు ఎవర్ని నడిపించారో చెప్పడం కష్టం.

నిద్రొస్తోందా? ఇంకొంచెమే ఉంది, విను మరి.

పీచు పనిలో వీరవేణితో పాటు కనకం అని ఒక పెద్దావిడ ఉండేది. మర్నాడు వీరవేణి మొహం చూసి ఏమైందని అడిగింది. వీరవేణి అంతా చెప్పింది. విత్తనాల సంగతి, మట్టి సంగతి, గట్టు సంగతి.

“పిచ్చిదానా! రోజూ చేతులతో మోస్తున్నావు, కనబడలేదా? డొక్కలు పాతిపెట్టు” అంది కనకం. “కొబ్బరి డొక్క నీళ్ళు తాగి కూచుంటుంది. వారం రోజులైనా వదలదు. మా అయ్య కొత్త మొక్క పాతితే కింద డొక్కలు పరవకుండా పాతేవాడు కాదు.”

పీచుకి పనికిరాని పుచ్చుడొక్కలు అక్కడ గుట్టగా పడి ఉండేవి. యజమానిని అడిగితే, తీసుకుపో, నాకు చోటు కలిసొస్తుందన్నాడు. అప్పుడు వీరవేణి మళ్ళీ తట్ట ఎత్తుకుంది. వద్దనుకున్న పని మళ్ళీ నెత్తికెక్కింది. కాకపోతే డొక్కలు మట్టంత బరువుండవు. అదొక్కటే సుఖం.

గొయ్యి తవ్వడం ఆమె వల్ల కాలేదు. ఆ వారం ఏడుకొండలు వచ్చినప్పుడు గడ్డపారతో తవ్వాడు. మంచం పొడుగు, మోకాలి లోతు. తవ్వీ తవ్వీ అరిచేతులు బొబ్బలెక్కాయి. “ఇది నేల కాదే, రోడ్డు” అన్నాడు. మర్నాడు పంటు పనికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం వీరవేణి గోతిలో కూచుని డొక్కలు పరవసాగింది. అచ్చాయమ్మ మెట్టు మీద ఎప్పట్లాగే కూచుని ఉంది. వీరవేణి ఒక డొక్క తీసుకుంది, గోతిలో బోర్లించింది. ఇంకోటి తీసుకుంది, బోర్లించింది. గుండ్రటి వీపులు పైకి పెట్టి, తాబేళ్ళని పేర్చినట్టు చక్కగా వరసగా పేర్చుకుంటూ పోయింది. ఒక వరస అయింది. రెండో వరస అయింది. మూడో వరస సగానికొచ్చింది. నడుం విరిగిపోతోంది.

“బోర్లిస్తావేంటే?”

వీరవేణి చెయ్యి ఆగిపోయింది. ఎవరన్నారో మొదట తెలియలేదు. భూలక్ష్మేమో అనుకుని కంచె వైపు చూసింది. అక్కడెవరూ లేరు.

“వెల్లకిలా పెట్టు. బోర్లిస్తే నీళ్ళు దేంట్లో నిలుస్తాయే? నీ నెత్తి మీదా?”

అచ్చాయమ్మే! ఏడాది పైన వాడకుండా ఉన్న గొంతు, తుప్పు పట్టిన గిలకలా కిరకిరలాడుతోంది. కళ్ళు మాత్రం కోపంగా డొక్కల మీదే ఉన్నాయి.

వీరవేణికి, ఏమన్నా అంటే ఆ మాట మళ్ళీ లోపలికి పోతుందేమోనని భయం. చేతిలో డొక్కని మెల్లగా తిప్పి, దొన్నెలా, గుంట పైకి వచ్చేలా పెట్టింది.

“ఇలాగా అత్తా?”

“ఊఁ.”

“మరి ముందువి?”

“అన్నీ తియ్యి. తీసి మళ్ళీ పెట్టు.”

అంత అలసటలోనూ వీరవేణికి నవ్వొచ్చింది. నవ్వుతూ ఉంటే కన్నీళ్ళొచ్చాయి. కొంగుతో మొహం తుడుచుకుని, మొదటి వరస నుంచి ఒక్కో డొక్కనీ తీసి మళ్ళీ వెల్లకిలా పెట్టింది. రెండున్నర వరసలమ్మా! అత్త ఒక్కటి కూడా వదల్లేదు. ‘అదిగో, ఆ మూలది’ అని మరీ పెట్టించింది.

ఆ తర్వాత డొక్కల మీదకి మట్టి కావాలి. గరప పొయ్యకూడదంది అచ్చాయమ్మ. ఏం చెయ్యాలా అని అనుకుంటుంటే, భూలక్ష్మి కంచె దగ్గరకొచ్చింది. చేతిలో తోటకూర కట్ట. వేళ్ళతో సహా ఉంది, ఆకులు అరిచేతులంత ఉన్నాయి.

“ఇదుగో వేణీ, మీ విత్తనాలు మా దొడ్లో మొలిచాయి. నువ్వు మూల పోసిన మట్టిలోనే. తినేద్దామనుకున్నాను. గొంతు దిగుతుందా నాకు?” అంది. కట్టని కంచె మీదుగా అందిస్తూ, “మట్టి కూడా తీసుకోండి. ఇందాక మీ అత్తగారి గొంతు వినబడింది. ఏడాదికి మాట్టాడిన మనిషి చెప్తే వినాలి కదా” అంది.

అప్పుడు ఆ ఆడవాళ్ళిద్దరూ కంచె మీదుగా తట్టలందించుకున్నారు. డొక్కల మీద నల్లమట్టి ఒక పొర, దాని మీద మళ్ళీ డొక్కలు, మళ్ళీ మట్టి.

అచ్చాయమ్మ ఆ రోజుకి మెట్టు దిగలేదు. మర్నాడూ దిగలేదు. కూచున్న చోట నుంచే చెప్పేది. పెరడు వెయ్యడమంటే ముందు మూడు చూడాలంది. ఎండ ఎటు నుంచి వస్తుంది, నీరు ఎటు పోతుంది, మనిషి ఎటు నడుస్తాడు. ఆ మూడూ చూడకుండా మొక్క పెడితే ఆ మొక్క ఉసురు తగులుతుందంది.

అప్పుడు వీరవేణి చూసింది. నీరు భూలక్ష్మి వైపు పోతోంది కదా, అక్కడ వాలుకి అడ్డంగా విరిగిన పెంకులు నిలబెట్టి పాతి, చిన్న గట్టు కట్టారు. గిన్నెలు తోమిన నీళ్ళు పారే చోట అరటి పిలక పెట్టారు. పడమటెండ గోడని కాల్చేస్తోంది కదా, ఆ గోడకి నాలుగడుగుల ఇవతల వాసాలు పాతి చిక్కుడుకి పందిరి వేశారు. పందిరి పాకితే గోడకీ చల్లన. మెట్ల నుంచి కుళాయి దాకా నడిచే దారిలో పలకరాళ్ళు నాలుగు పరిచారు, వానలో కాలు జారకుండా. మెట్టు పక్కనే పచ్చిమిరప, కరివేపాకు. “పొయ్యి మీద నూనె కాగుతుంటే కోసుకొచ్చే దూరంలో ఉండాలి” అంది అచ్చాయమ్మ. భూలక్ష్మి ఒక మునగకొమ్మ తెచ్చి తనే కంచెలో గుచ్చేసింది.

అన్నీ బతికాయనుకోకు. జామమొక్క ఎండిపోయింది. పొట్లపాదుకి పురుగు పట్టింది. కరివేపాకు ఇప్పుడో రేపో అన్నట్టు ఉండేది. వీరవేణి ఆ ఎండిన జామపుల్లని పీకుతుంటే అచ్చాయమ్మ మెట్టు దిగొచ్చింది. చెప్పులు లేకుండా, గరప మీద అడుగు తీసి అడుగేసుకుంటూ వచ్చింది. డొక్కల గోతిలో చెయ్యి పెట్టి మట్టి తీసి పిసికి చూసింది. వాన పడి అయిదు రోజులైంది, అయినా అడుగున తడుంది.

“అత్తా,” అంది వీరవేణి, “మన పాత పెరడులా అవుతుందా ఇది?”

అచ్చాయమ్మ పిసికిన మట్టిని మళ్ళీ గోతిలో వదిలింది.

“అవదే. అది అదే. ఆ పనసచెట్టు మీ మావయ్య పెట్టింది. ఏరు తీసుకుపోయింది. ఇంక రాదు.” చేతికున్న మట్టి చీర కుచ్చిళ్ళకి రాసుకుంది. “ఇది వేరే. దీనికి నీళ్ళు కావాలి. చెంబిలా తే.”

ఆ తర్వాత కార్తీకం వచ్చింది. చిక్కుడు పందిరి నిండా ఊదారంగు పూత. మిరపకాయలు పైకి చూస్తూ కాశాయి. అయినా వీరవేణి పని తగ్గలేదమ్మా. పీచు మోత అలాగే ఉంది, నీళ్ళ మోత అలాగే ఉంది. పెరడొచ్చిందంటే ఇంకో పని వచ్చినట్టే కదా. అలుపు ఎముకల్లోకి దిగి కూచుంది. ఒకరోజు పని చోట కళ్ళు తిరిగితే కనకం పట్టుకుని నీడన కూచోబెట్టింది. “ఇంటికి పో, ఇవాళ్టికి చాలు” అని పంపేసింది.

అలా ఆ రోజు వీరవేణి మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. వాకిట్లో చెప్పులు విడిచింది. లోపల పొయ్యి దగ్గర వెతికితే, పొద్దున్న వండి పెట్టిన అన్నం గిన్నె లేదు. వెనక తలుపు తీసి చూసింది.

చిక్కుడు పందిరి కింద పీట మీద అచ్చాయమ్మ కూచుని ఉంది. ముందు కంచం ఖాళీగా ఉంది. కంచం అంచున రెండు మిరపకాయ తొడిమలున్నాయి. పక్కన ఇంకో కంచం, దాని మీద అరిటాకు ముక్క మూత పెట్టి ఉంది. మొక్కలన్నీ తడిగా ఉన్నాయి. కుళాయి బిందె బోర్లించి ఉంది.

“ఎవరు పోశారత్తా నీళ్ళు?”

“భూలక్ష్మి మోసింది. నేను పోశాను. దానికి మొయ్యడం వచ్చు, పొయ్యడం రాదు. మొక్క మొదట్లో గుంట పడేలా పోస్తుంది.” అచ్చాయమ్మ కోడల్ని ఎగాదిగా చూసింది. “అలా వాడిపోయావేంటే? రా. కూచో. తిను.”

“నువ్వు తిన్నావా?”

“నేనెప్పుడో తిన్నాను. నీ కోసం ఆకలితో ఎవరు కూచుంటారు?”

వీరవేణి కూచుంది. అరిటాకు తీసింది. అన్నం, చిక్కుడుకాయ కూర. మరొకరు వండిపెట్టిన కూర తిని ఎన్నాళ్ళయిందో లెక్కలేదు. ఒక ముద్ద తింది. ఇంకో ముద్ద తింది. మూడో ముద్ద నోట్లో ఉండగానే కళ్ళు మూతలు పడ్డాయి.

“పూర్తిగా తినవే. తిని పడుకో.”

“సాయంత్రం నీళ్ళు పట్టాలత్తా… బట్టలున్నాయి…”

“ఉంటాయి. ఎక్కడికీ పోవు. పడుకో.”

అప్పుడు వీరవేణి కంచం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, ఆ పందిరి నీడలో, నేల మీద పరిచిన పాత గోనెపట్టా మీదే ఒరిగింది. కింద గరప గరుకుగానే ఉంది. అయినా ఒరగ్గానే నిద్ర పట్టేసింది. బట్టలూ, బిందెలూ, పీచుకట్టలూ అన్నీ ఎటో పోయాయి.

సాయంత్రమయ్యేసరికి భూలక్ష్మి కంచె దగ్గర నిలబడి, “వేణీ, వేణీ! కుళాయి వచ్చిందే!” అని కేకేసింది.

అచ్చాయమ్మ అటు తిరిగింది. పీట మీద నుంచి లేచింది. కంచె దాకా నడిచి వెళ్ళి, వేలు పెదవుల మీద పెట్టి, మెల్లగా అంది:

“అరవకమ్మా. పిల్ల పడుకుంది.”

అంతే తల్లీ. నువ్వూ పడుకో ఇంక. నా గొంతూ అలిసింది.

కథ పోయె కంచికి,
తీగ పోయె పందిరికి,
అలుపు పోయె ఏటికి,
మనం పోదాం ఇంటికి.